అన్‌గ్రూప్ చేస్తే సౌండ్ మారదా? అపోహలు - వాస్తవాలు

పాటలోని విడివిడి ట్రాక్‌లను కలిపి సమం చేసే మిక్సింగ్‌కి ప్రాజెక్ట్ పంపేవాళ్లు చాలామంది ఒక మాట రాస్తుంటారు: "మీకు సులువుగా ఉంటుందని గ్రూపులన్నీ విప్పేశానండీ." కాసేపటికి ఇంకో మెసేజ్: "డ్రమ్స్‌లో దమ్ము పోయింది, ఫైల్ పాడైందా?" పాడవలేదు. అప్‌డేట్ వల్లా కాదు, ఆడియో ఇంటర్‌ఫేస్ వల్లా కాదు.

అపోహ: గ్రూప్ అంటే ట్రాక్‌లను సర్దిపెట్టుకోవడమే, విప్పినా ఏమీ మారదు.

అది ఏ రకం గ్రూప్ అన్నదే అసలు సంగతి. ప్రో టూల్స్, ఏబుల్టన్ లైవ్, లాజిక్ అన్నీ పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లే. ప్రో టూల్స్‌లో ఫేడర్లు (వాల్యూమ్ మీటలు) కలిసి కదిలే మిక్స్ గ్రూప్‌ని తీసేస్తే సౌండ్‌కి ఏమీ కాదు. అక్కడి బేసిక్ ఫోల్డర్ కూడా అంతే. కానీ ఏబుల్టన్ లైవ్‌లో గ్రూప్ ట్రాక్, ప్రో టూల్స్‌లో రౌటింగ్ ఫోల్డర్, లాజిక్‌లో సమ్మింగ్ స్టాక్ వేరే జాతి. లోపలి ట్రాక్‌ల ఆడియో వాటి గుండా వెళ్తుంది. లైవ్‌లో అన్‌గ్రూప్ కొట్టగానే గ్రూప్ ట్రాక్‌తో పాటు దాని మీది కంప్రెసర్ (పెద్ద శబ్దాలను అణిచే ప్లగిన్), ఫేడర్ లెవెల్, ఆటోమేషన్ (ముందే రాసిపెట్టిన మార్పులు) అన్నీ పోతాయి. బేస్ మీది సైడ్‌చెయిన్ (వేరే ట్రాక్ సిగ్నల్‌ని బట్టి పనిచేసే అమరిక) ఆ గ్రూప్ నుంచి సిగ్నల్ తీసుకుంటూ ఉంటే అదీ తెగిపోతుంది.

"అయితే ఆ ప్లగిన్లనే ఒక్కో ట్రాక్ మీద కాపీ చేస్తా" అంటారు. ఎక్కువ సమయం తినేసేది ఇదే. ఒక కుర్రాడు పాట విడుదలకు ముందు రాత్రి ఫోన్ చేశాడు. డ్రమ్ ట్రాక్‌లన్నిటి మీదా అదే కంప్రెసర్, అవే సెట్టింగులు. అయినా డ్రమ్స్ చచ్చుగా ఉన్నాయి. అప్పటికే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేశాడు. వణుకుతున్న గొంతుతో "అన్నా, లైసెన్స్ ఏమైనా పోయిందంటారా" అని అడిగాడు. ఎవరో అలా చెప్పారట. చెప్పినవాళ్లను అనాలి.

మామూలు ఈక్యూని (బేస్, ట్రెబుల్ సర్దేదాన్ని) అలా కాపీ చేస్తే ఫలితం ఒకటే, ఎందుకంటే విడివిడిగా చేసి కలిపినా, కలిపాక చేసినా తేడా రాదు. కంప్రెసర్, సాచురేషన్, లిమిటర్ అలా కావు, సిగ్నల్ ఎంత పెద్దగా ఉందో బట్టి వాటి పని మారుతుంది. కంప్రెసర్ పని మొదలుపెట్టే హద్దు, అంటే త్రెషోల్డ్, -12 డీబీ అనుకోండి (సున్నాకి దగ్గరయ్యేకొద్దీ శబ్దం పెద్దది). కిక్ పీక్ -14, స్నేర్ పీక్ -16 అయితే విడిగా ఏదీ దాన్ని తాకదు. రెండూ కలిసి పడితే మొత్తం -9 దాకా పోవచ్చు, అప్పుడు కంప్రెసర్ పనిచేస్తుంది. కిక్ పడినప్పుడు హైహ్యాట్‌ కూడా కాస్త తగ్గి ఊగడం వల్లే డ్రమ్స్ అతుక్కున్నట్టు వినిపిస్తాయి. ట్రాక్‌కో కంప్రెసర్ పెడితే ఆ ఊపు రాదు.

ఫేడర్‌తోనూ తిరకాసు ఉంది. గ్రూప్ -4లో ఉందని, విప్పాక ఒక్కో ట్రాక్‌ని 4 డీబీ తగ్గిస్తారు. లోపలి ట్రాక్‌ల నుంచి రివర్బ్‌కి (ప్రతిధ్వని ఎఫెక్ట్‌కి) వెళ్లే పోస్ట్-ఫేడర్ సెండ్‌లు (ట్రాక్ ఫేడర్ దాటాక తీసే సిగ్నల్ కాపీలు) ఇంతకుముందు గ్రూప్ ఫేడర్‌కి లొంగేవి కావు. ఇప్పుడు అవీ తగ్గుతాయి, రివర్బ్ పలచబడుతుంది. సెండ్‌లను కూడా 4 పెంచితేనే లెక్క సరిపోతుంది.

ఆ కుర్రాడి పాటకి దారి సులువుగానే దొరికింది. లైవ్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో బ్యాకప్ అనే ఫోల్డర్ ఉంటుంది, సేవ్ చేసినప్పుడల్లా పాత వెర్షన్ అందులోకి చేరుతుంది. విప్పకముందు వెర్షన్ అక్కడే ఉంది.

అపోహ: గ్రూప్ ట్రాక్‌ని డిలీట్ చేస్తే అన్‌గ్రూప్ అయినట్టే.

లైవ్‌లో లోపలి ట్రాక్‌లూ పోతాయి. వెంటనే అన్‌డూ కొట్టండి. అన్‌గ్రూప్‌కి విండోస్‌లో కంట్రోల్-షిఫ్ట్-జి, మ్యాక్‌లో కమాండ్-షిఫ్ట్-జి.

అపోహ: ఒక్క ట్రాక్‌ని మార్చాలన్నా గ్రూప్ విప్పాలి.

అక్కర్లేదు. లైవ్‌లో లోపల ఉండగానే ఆ ట్రాక్‌ని మార్చొచ్చు, గ్రూప్‌లోంచి తీయాలంటే బయటకు లాగితే చాలు. ప్రో టూల్స్‌లో గ్రూపుల్ని కాసేపు సస్పెండ్ చేయొచ్చు, లాజిక్‌లో అదే పనికి గ్రూప్ క్లచ్ ఉంది.

అపోహ: గ్రూప్‌లు క్వాలిటీ తగ్గిస్తాయి, సీపీయూ తింటాయి.

ప్లగిన్ లేకుండా 0 డీబీలో ఉన్న గ్రూప్ సౌండ్‌ని మార్చదు. ఇక సీపీయూ అంటారా, ఒక కంప్రెసర్ పోయి ఎనిమిది వస్తే ఎక్కువ తినేది ఏదో మీరే చూసుకోండి.

నిజంగా విప్పాల్సివస్తే ముందు వేరే పేరుతో సేవ్ చేసి, గ్రూప్‌ని ఆడియో ఫైల్‌గా బౌన్స్ (ఎక్స్‌పోర్ట్) చేసుకోండి. విప్పి సరిచేశాక మళ్లీ బౌన్స్ చేసి, రెండూ పక్కపక్కన పెట్టి ఒకదాని పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి ప్లే చేయండి. నిశ్శబ్దం వస్తే ఏదీ మారలేదు. కోరస్ ఎఫెక్ట్ లాంటి ప్లగిన్లు ఉంటే మాత్రం ఈ పరీక్షను నమ్మొద్దు, అవి ప్రతిసారీ కొంచెం వేరుగా మోగొచ్చు.