ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి వద్దు

కర్నూలులో మూర్ఛ వైద్యం చేస్తున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చేవాళ్ల నోట రోజూ వినే మాటలివి.

అపోహ: చేతిలో ఇనుము పెడితే, ఉల్లిగడ్డ వాసన చూపిస్తే ఫిట్స్ ఆగుతాయి.

ఆగవు. చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే తగ్గుతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ రెండు నిమిషాలూ గడిచిపోతాయి, పేరు ఇనుముకొస్తుంది. పొయ్యి, బావి, రోడ్డు దగ్గరుంటే మనిషిని పక్కకు జరపండి. తల కింద తువ్వాలు మడిచి పెట్టండి. కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ వద్దు. నాలుక మింగడమనేది జరగదు, పళ్లు మాత్రం విరుగుతాయి. అదురు తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, మొదటిసారైనా, గర్భిణి అయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అపోహ: గాలి సోకింది.

మెదడు కణాల్లో విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పడమే ఫిట్స్. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి, మాత్ర మానొద్దు.

అపోహ: మాంసం ముట్టని ఇంట్లో మెదడులో పురుగు తిత్తులు రావు.

వస్తాయి. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ల పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటపడి, కడగని ఆకుకూర మీదో మురికి చేతుల మీదో ఎవరి నోట్లోకైనా చేరతాయి. వాటి నుంచి వచ్చే పిల్లపురుగులు మెదడుకు చేరితే అక్కడ తిత్తులు కడతాయి. మన దేశంలో మూర్ఛకు ఇదొక ముఖ్య కారణం. అయితే స్కాన్ చూడకుండా నులిపురుగుల మాత్రలు కొని మింగొద్దు. తిత్తి చచ్చేటప్పుడు మెదడు వాచి ఫిట్స్ ఎక్కువ కావచ్చు.

అపోహ: పెళ్లి చేస్తే అదే పోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పెళ్లి కుదరగానే, అత్తగారింట్లో మాత్రల డబ్బా కనబడుతుందని భయపడి మందు ఆపేసిన ఆడపిల్లలు వస్తుంటారు. పెళ్లి పనుల్లో నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు, పైగా మాత్ర లేదు. ఇలా ఉన్నట్టుండి మానితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ పెళ్లికి అడ్డంకి. 1999 సవరణలో దాన్ని తీసేశారు. దాచకండి. అబ్బాయి తరఫు వాళ్లను వెంటబెట్టుకుని రండి, నేనే వివరంగా చెబుతాను. పిల్లలు కావాలనుకునే ముందే కలవండి. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, ముందుగానే మార్చాలి. అలాగని సొంతంగా మాత్రం ఆపొద్దు.

అపోహ: జీవితాంతం మింగాల్సిందే.

అందరూ కాదు. సరిగా వాడితే 10 మందిలో 7 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. కనీసం రెండేళ్లు అలా గడిచాక, కొందరికి మెల్లగా తగ్గించి చూస్తాం. వచ్చేటప్పుడు పాత చీటీలతో పాటు, ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్లో తీసిన వీడియో ఉంటే అదీ తీసుకురండి.