పదకొండేళ్ళ పిల్లవాడి కాలు

చిట్టితల్లికీ, చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుపోయిందనీ, డెట్టాల్ పెడితే వీధంతా వినపడేలా ఏడ్చావనీ మీ అమ్మ చెప్పింది చిన్నోడా. మండుతుంది నాన్నా, ఆపరేషన్ థియేటర్ నర్సుగా ముప్పై ఏళ్ళు చేసినదాన్ని, నాకు తెలియదూ! నీలాగే కాలికి దెబ్బ తగిలిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను, అక్కని చదివి వినిపించమను.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, 1865 ఆగస్టు 12న జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ళ వాణ్ణి ఆసుపత్రికి తెచ్చారు. బండి చక్రం కాలి మీంచి పోయింది. ఎముక విరగడమే కాదు, పైన చర్మమూ చిరిగింది. ఆ రోజుల్లో అలాంటి గాయం చీము పట్టి, విషం ఒళ్ళంతా పాకేది. ప్రాణం దక్కాలంటే కాలు తీసేయాల్సిందే. తీసేసినా చాలామంది బతికేవారు కాదు. సర్జన్లేమో రక్తం మరకల కోటుతోనే ఒక రోగి నుంచి ఇంకో రోగి దగ్గరికి వెళ్ళేవారు. చీముకి చెడుగాలి కారణమని నమ్మేవారు.

అక్కడి సర్జన్ జోసెఫ్ లిస్టర్‌కి ఆ మాట నచ్చలేదు. వస్తువులు కుళ్ళడానికి కంటికి కనపడని జీవులు కారణమని ఫ్రాన్స్‌లో పాశ్చర్ అనే శాస్త్రవేత్త రాసింది చదివాడు. అవే పుండులోకీ చేరుతున్నాయేమో అనుకున్నాడు. కార్లైల్ అనే ఊళ్ళో మురుగు కంపు పోవడానికి కార్బాలిక్ ఆసిడ్ వాడుతున్నారని విన్నాడు. దాంట్లో తడిపిన గుడ్డతో జేమ్స్ గాయానికి కట్టు కట్టాడు. నాలుగు రోజులకి విప్పి చూస్తే చీము లేదు! ఆరు వారాలకి ఎముక అతుక్కుంది. 1867లో ఈ పద్ధతిని లాన్సెట్ పత్రికలో రాశాడు.

ఇక్కడే నా మనసు కలుక్కుమనే సంగతొకటుంది. జేమ్స్‌కి కట్టు కట్టిన మర్నాడే, ఆగస్టు 13న, వియన్నాలో ఒక పిచ్చాసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చనిపోయాడు. గాయం చీము పట్టి! అంతకు 18 ఏళ్ళ ముందే, 1847లో, శవాల్ని కోసిన చేతులతో డాక్టర్లు పురుళ్ళు పోయడం వల్లే బాలింతలు చచ్చిపోతున్నారని కనిపెట్టింది ఆయనే. క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్‌కల్లా ఇద్దరే పోయారు. అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. మీ చేతులే చంపాయి అంటే ఎవరు ఒప్పుకుంటారమ్మా? కానీ ఒప్పుకుని ఉంటే ఎందరు తల్లులు బతికేవారో! ఆ కోపం నాకింకా పోలేదు.

ఇప్పుడు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో సెమ్మెల్‌వైస్ పనిచేసిన రోకుష్ ఆసుపత్రి ముందు ఆయన విగ్రహం ఉంది, కాళ్ళ దగ్గర బిడ్డతో ఒక తల్లి. అక్కడి వైద్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. ఆయన పుట్టిన జూలై 1 హంగరీలో వైద్య సిబ్బంది పండగ. గ్లాస్గోలో లిస్టర్ వార్డుని కూల్చేశారు, పార్కులో విగ్రహం మాత్రం ఉంది. ప్రపంచమంతా ఆసుపత్రుల్లో మే 5న చేతుల శుభ్రత దినం జరుపుతారు. ఐదు, ఐదు: రెండు చేతుల వేళ్ళన్నమాట.

మేం థియేటర్లోకి వెళ్ళే ముందు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, కుళాయిని మోచేత్తో కట్టేవాళ్ళం. ఎంత అర్జెంటు కేసైనా సరే.

చిన్నోడా, రేపు కట్టు విప్పే ముందు అమ్మని చేతులు కడుక్కోమను. చీము లేదని చూసుకుని నాకు ఫోన్ చెయ్యి.

మీ అమ్మమ్మ