వంగి నడిచే బిడ్డకు, చొక్కా విప్పని చిన్నోడికి

చిన్నోడా, బిడ్డా,

దసరా సెలవులయ్యాక మీరు వెళ్లిపోతే ఇల్లు బోసిపోయింది. ఫోన్‌లో అనలేని మాటలు కొన్ని నాలోనే ఉండిపోయాయి, అందుకే రాస్తున్నాను.

చిన్నోడా, పోయినేడు బావిలోకి దూకితే నిన్ను బయటికి రప్పించడం గగనమయ్యేది. ఈసారి చొక్కా విప్పనని గట్టు మీదే కూర్చున్నావు. ఎందుకని నేను అడగలేదు గానీ నాకు అర్థమైంది. ఛాతీ మీద చిన్న గడ్డలా ఉబ్బింది, ముట్టుకుంటే నొప్పి, తోటి పిల్లలు 'ఆడపిల్ల' అని ఏడిపిస్తున్నారు. అంతేనా? ఇన్నేళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని, దాచకుండా చెప్తాను విను. ఆడ హార్మోను, మగ హార్మోను అని విడదీసి పిలుస్తాం గానీ ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ రెండూ అందరి ఒంట్లోనూ ఉంటాయి. నీ వయసులో వాటి పాళ్లు కుదురుకోవడానికి టైం పడుతుంది. ఆ మధ్యలో దాదాపు సగం మంది మగపిల్లలకు ఇలా ఉబ్బుతుంది. చాలామందికి ఏడాది, రెండేళ్లలో దానంతటదే అణిగిపోతుంది. తగ్గకపోయినా, బాగా పెరిగినా డాక్టరుకు చూపిద్దాం. నిన్ను ఏడిపించే వాళ్లలోనూ కొందరు ఇదే దాచుకుని తిరుగుతుంటారు. గొంతు కీచుమంటోందని మాట్లాడటం మానకు, స్వరపేటిక పెరుగుతోంది, అంతే.

బిడ్డా, నువ్వేమో భుజాలు ముందుకు వంచి నడుస్తున్నావు. 'తాడిచెట్టులా పెరిగింది, దీనికి పిల్లగాణ్ణి ఏడ తెస్తరో' అన్న మాట నీ చెవిన పడింది. ఆడపిల్లలు పదకొండు, పన్నెండేళ్లప్పుడు గబగబా పొడుగవుతారు. మగపిల్లలకు ఆ ఎదుగుదల సుమారు రెండేళ్లు ఆలస్యం. ఏడో తరగతిలో నీ పక్కన మగపిల్లలు పొట్టిగా కనిపించేది అందుకే. 'ఆడపిల్లవి, అంత గట్టిగా నవ్వకు' అని నిన్ను కసిరింది మాత్రం నేనే. మా అమ్మ నన్ను అన్న మాటే ఆలోచించకుండా నీకు అప్పజెప్పాను. అది నా తప్పు బిడ్డా.

ఇంకో మాట. పక్కింట్లో ఆసు పోస్తుంటే, అంటే చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పుతుంటే, చిన్నోడు నేర్చుకుంటానని కూర్చున్నాడు, 'అది ఆడోళ్ల పని' అని లేపేశారు. ఒక్క చీరకు నూలు ఆసు పోయాలంటే చేయి అటూ ఇటూ దాదాపు 9,000 సార్లు కదలాలి. మన ఊళ్లల్లో ఆడవాళ్ల భుజాలు అలాగే అరిగిపోయాయి. ఆలేరు దగ్గరి శారాజిపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మిదీ అదే బాధ. ఆయన చదువు ఆరో తరగతితో ఆగింది. అయినా అమ్మ చేయి ఎలా తిరుగుతోందో ఏళ్ల తరబడి చూసి, 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడోళ్ల పని నాకెందుకని ఆయన ముఖం తిప్పుకుని ఉంటే ఆ యంత్రం వచ్చేదా?

సంక్రాంతికి వస్తే భువనగిరి గుట్టకు పోదాం. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ బండ మీదే ఎక్కడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పదమూడేళ్లు. నేను కింద మెట్ల దగ్గర కూర్చుంటాను, మీరిద్దరూ పైదాకా వెళ్లి రండి. మర్నాడు బావికి. ఈసారి నీళ్లు మెట్ల దాకా ఉన్నాయి.

మీ నాయనమ్మ