డ్రీమ్ థియేటర్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో డ్రమ్స్ నేర్పుతున్నాను. వచ్చేవాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులే ఎక్కువ. ప్రోగ్రెసివ్ మెటల్ (పాట మధ్యలో తాళాలు మారుతూ సాగే హోరైన రాక్ సంగీతం) మాట వస్తే వాళ్లలోనూ, వాళ్ల ఇళ్లలోనూ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి. నలభై ఏళ్లుగా నిలిచిన అమెరికా బృందం డ్రీమ్ థియేటర్ చరిత్రతోనే వాటికి జవాబు చెబుతాను.

అపోహ: మెటల్ అంటే సంగీత శాస్త్రం తెలియనివాళ్ల గోల.

వాస్తవం: 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుతున్న ముగ్గురు డ్రీమ్ థియేటర్‌ను మొదలుపెట్టారు. గిటార్ జాన్ పెట్రూచి, బేస్ గిటార్ జాన్ మ్యూంగ్, డ్రమ్స్ మైక్ పోర్ట్‌నాయ్. అప్పటి పేరు మెజెస్టీ. 1999లో కీబోర్డుకు వచ్చిన జోర్డన్ రూడెస్ అయితే తొమ్మిదో ఏటనే న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో శాస్త్రీయ పియానో అభ్యాసానికి చేరినవాడు.

అపోహ: ఈ సంగీతంలోని ఏడు, ఐదు లాంటి వంకర తాళాల లెక్కలు మనవాళ్లకు పట్టుబడవు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఏడు లెక్కల వరుస మనకు మిశ్రచాపు, ఐదు లెక్కలది ఖండచాపు. కొన్నాళ్లు మృదంగం నేర్చుకుని వచ్చిన పిల్లలు ‘తకిట తకధిమి’ అని నోటితో చెప్పుకుని, గిటార్ వాయించే వాళ్లకంటే ముందే అందుకుంటారు. అసలు చిక్కు వేరే ఉంది. మన కృతిలో నడక మారినా తాళం సాధారణంగా చివరిదాకా ఒకటే. డ్రీమ్ థియేటర్ 1999 నాటి రచన ‘ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’లో ఆరు నిమిషాల్లో తాళమే వందసార్లకు పైగా మారుతుంది. అంకెలు లెక్కపెడుతూ వాయిస్తే రెండో మలుపులోనే తప్పిపోతాం. అందుకే నేను ముందు కర్రలు పక్కన పెట్టిస్తాను. గిటార్ వరుసను నోటితో పాడించి, బేస్ డ్రమ్ దెబ్బలు ఎక్కడ పడతాయో పాదంతో వేయించి, ఆ తర్వాతే కర్రలతో వాయించే స్నేర్ డ్రమ్ దగ్గరికి తీసుకెళ్తాను. వేగం చివరి సంగతి.

అపోహ: ఎనిమిది నిమిషాల పాట ఎవరు వింటారు?

వాస్తవం: విన్నారు. 1992లో వచ్చిన వాళ్ల పాట ‘పుల్ మీ అండర్’ ఆల్బమ్‌లో ఎనిమిది నిమిషాలు దాటుతుంది. రేడియోకు కుదించిన రూపం అమెరికా రాక్ పట్టికలో మొదటి పదిలోకి చేరింది. అయితే 1989 నాటి తొలి ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత గాయకుడు వెళ్లిపోయాడు. కొత్త గొంతు కోసం చాలా వెతికాక, 1991లో కెనడా గాయకుడు జేమ్స్ లాబ్రీ దొరికాడు. తొందరపడి ఎవరినో ఒకరిని నిలబెట్టకపోవడమే వాళ్ల తొలినాళ్లలో గొప్ప నిర్ణయమని నేను నమ్ముతాను.

అపోహ: ముఖ్యమైన మనిషి వెళ్తే బృందం పని అయిపోయినట్టే.

వాస్తవం: 2010లో పోర్ట్‌నాయ్ వెళ్లినప్పుడు అందరూ అలాగే అనుకున్నారు. వ్యవస్థాపకుడాయన, ఆల్బమ్‌ల నిర్మాణంలోనూ భాగస్వామి. ఏడుగురు డ్రమ్మర్లను పరీక్షించి, బర్క్‌లీలో పాఠాలు చెబుతున్న మైక్ మాంజినీని తీసుకున్నారు. ఆ బృందానికి మొదటి గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది ఆయన కాలంలోనే, 2022లో, ‘ది ఏలియన్’ పాటకు. ఆ పదమూడేళ్లను పోర్ట్‌నాయ్ లేని వెలితిగా మాత్రమే చూడటం మాంజినీకి అన్యాయం. 2023లో పోర్ట్‌నాయ్ తిరిగి వచ్చాడు. 2025 ఫిబ్రవరిలో ‘పారాసోమ్నియా’ ఆల్బమ్ విడుదలైంది.

కొత్తగా వినేవాళ్లు 1992 ఆల్బమ్ ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’తో మొదలుపెట్టండి. మొదటిసారి డ్రమ్స్‌ను వదిలేసి, మ్యూంగ్ బేస్‌ను మాత్రమే పట్టుకుని వినండి.