తప్పొప్పులు చెప్పే రోజులు పోయాయా? అపోహలు - వాస్తవాలు

నల్గొండలో సివిల్స్‌కు చదివే పిల్లలకు ఎథిక్స్ పాఠాలు చెబుతాను. మెయిన్స్‌లో ఆ పేపర్ 2013 నుంచి ఉంది, 250 మార్కులు. ‘ఈ కాలంలో ఇవన్నీ ఎవరు చూస్తున్నారు సార్?’ అనే మాట ప్రతి బ్యాచ్‌లోనూ వినబడుతుంది.

అపోహ: సైన్స్ ఉంటే చాలు.
వాస్తవం: లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని సైన్స్ చెప్పింది. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారు. అయినా మర్రిగూడ వైపు ఎముకలు వంగిపోయిన మనుషులు ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగారు. అది అన్యాయమని ఏ ల్యాబ్ రిపోర్టూ రాయదు. మనుషులే అనాలి. అన్నారు కాబట్టే పోరాటాలు జరిగాయి.

అపోహ: చట్టం చూసుకుంటుంది.
వాస్తవం: జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. పాలమూరు పల్లెల్లో ఆ తర్వాత కూడా ఆడపిల్లలను దేవత పేరున వదిలేశారు. ఊళ్లో ఒక్కరైనా ‘ఇది తప్పు’ అని నోరు విప్పకపోతే పోలీసులకు కబురే అందదు.

అపోహ: ఎవరి నీతి వాళ్లది, తీర్పు చెప్పడానికి మనమెవరం?
వాస్తవం: పిల్లలు ఈ మాట ఎందుకంటారో నాకు తెలుసు. నీతి పేరుతో అమ్మాయి వేసుకున్న బట్టల గురించి మాట్లాడేవాళ్లను చూశారు. కులం దాటి పెళ్లి చేసుకున్న జంటను వెలేయడం చూశారు. వాళ్ల భయం న్యాయమైనదే. కానీ ఆ వెలి తప్పని ఎలా చెబుతాం? ‘ఎవరి నీతి వాళ్లది’ అంటే వెలేసిన పెద్దమనుషులదీ ఒక నీతే అవుతుంది, వాళ్లను అడిగే హక్కు మనకుండదు. చెడ్డ తీర్పును ఎదిరించాలన్నా మంచి తీర్పు ఒకటి కావాలి. ఎదుటివాళ్లను సహించాలని చెప్పడం కూడా తీర్పే.

చూడాల్సింది, మనం దేని మీద తీర్పు చెబుతున్నామన్నది. జోగినిగా మారిన అమ్మాయిని నిందించడం సులువు, ఊరు ఆ పనే చేసింది. తప్పు ఆమెను అలా మార్చినవాళ్లది, చూస్తూ ఊరుకున్నవాళ్లది. అందుకే నా క్లాసులో ఏ కేసు ఇచ్చినా పిల్లలు ముందు రెండు సంగతులు రాయాలి: దెబ్బ తగిలింది ఎవరికి, ఎవరి మాట ఇంకా వినలేదు. తీర్పు ఆ తర్వాతే రాయిస్తాను. తీర్పు రాయకుండా కాగితం ఇస్తే మాత్రం తీసుకోను.