నీళ్లు మాత్రం చిన్నవి కావు

సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఈ దారిన సముద్రం దాకా ఆవిరి పడవలు నడపాలని ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. వార్ధా, నాగపూరు వైపు పండే పత్తి నదిమీదే కోస్తాకు దిగాలన్నది ఆయన ఆలోచన. దారిలో మూడుచోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి, మూడోది ప్రాణహిత మీదే. దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు లేచాయి. ఈలోగా 1867లో రైలు నాగపూరు చేరింది. 1871లో పని ఆపేశారు.

ఇలాంటి నది ఒడ్డున ఉన్న మా వైపు పిల్లలు స్టీమరు నమూనా కట్టాలనుకుంటే, పక్కన తెడ్ల చక్రాలు తిరిగే పడవనే కట్టమంటాను. ప్రొపెల్లరు పూర్తిగా నీటిలో మునిగి ఉండాలి, దానికి లోతు కావాలి. తెడ్ల చక్రానికి పైపై నీళ్లు చాలు. సముద్రంలో ఓడ ఊగితే ఒక చక్రం గాలిలోకి లేచిపోతుంది కాబట్టి అక్కడ ప్రొపెల్లరే గెలిచింది. ఇసుక మేటల నదిలో చక్రానికే మొగ్గు. నమూనా కట్టేవాళ్లకు ఇంకో సుఖం కూడా ఉంది. ఇరుసు నీటిమట్టానికి పైన ఉంటుంది కనుక ఆ రంధ్రంలోంచి నీరు కారుతుందన్న దిగులుండదు.

ఇక లెక్క. 36 మీటర్ల పొడవు, 140 టన్నుల బరువు, 4 మీటర్ల చక్రాలు ఉన్న స్టీమరు ఒకటి ఊహించుకుందాం. చక్రం నిమిషానికి 30 చుట్లు తిరిగితే పడవ సెకనుకు 4.6 మీటర్లు పోతుంది. దీన్ని 36వ వంతుకు తగ్గిస్తే పొడవు ఒక మీటరు. బరువు పొడవు వెంట కాక ఘనపరిమాణం వెంట పోతుంది. 36ను మూడుసార్లు గుణిస్తే 46,656. కాబట్టి నమూనా మూడు కిలోలే. వేగం సంగతి వేరు. పడవ లేపే అలలు నమూనాలోనూ అదే ఆకారంలో రావాలంటే వేగాన్ని 36తో కాదు, దాని వర్గమూలమైన 6తో భాగించాలని ఇంగ్లండు ఇంజినీరు విలియం ఫ్రూడ్ చూపించాడు. అంటే సెకనుకు 77 సెంటీమీటర్లు. చక్రం మాత్రం ఆరురెట్లు వేగంగా, నిమిషానికి 180 చుట్లు తిరగాలి. మామూలు గేరు మోటారుకు ఇది సులువే. గేర్లు లేని మోటారును నేరుగా తగిలిస్తే నురగ తప్ప ముందడుగు ఉండదు.

11 సెంటీమీటర్ల చక్రపు అంచు ఆ వేగంలో సెకనుకు 105 సెంటీమీటర్లు కదులుతుంది, పడవేమో 77. ఈ పావువంతు పైచిలుకు తేడాను జారుడు అంటారు. ఇది దండగ అనుకోకూడదు. చక్రానికి తెడ్డులా బిగించిన పలక నీటిని వెనక్కి నెట్టకపోతే పడవకు తోపుడే లేదు. కొలవడం కూడా తేలిక. చక్రం మీద ఎర్రచుక్క పెట్టి ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చుట్లు లెక్కపెట్టాలి. ఒడ్డున రెండు కర్రలు పాతి పడవ వేగం కనిపెట్టాలి. జారుడు సగం దాటిందంటే పలకలు చిన్నవైనా అయ్యుండాలి, సరిగ్గా మునగకపోయినా ఉండాలి.

అసలు పనితనమంతా ఆ మునకలోనే ఉంది. పలక చక్రం అడుగుకు వచ్చినప్పుడు దాని పై అంచు నీటికింద రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు. చక్రం 15 మిల్లీమీటర్లు మునిగితే పలక నిలువుకు 43 డిగ్రీల వాలుతో నీటిని తాకుతుంది. 25 మునిగితే వాలు 57 డిగ్రీలు. అప్పుడు దిగేటప్పుడు నీటిని కిందికి అణచడానికీ, లేచేటప్పుడు పైకి ఎత్తడానికీ బ్యాటరీ ఖర్చయిపోతుంది. పెద్ద స్టీమర్లలో ఈ బాధ తప్పించడానికి పలకలు వాటంతటవే నిటారుగా మళ్లే చక్రాలు వచ్చాయి. ఎలైజా గాలొవే 1829లో పేటెంటు తీసుకున్నది అలాంటిదానికే. తొలి నమూనాకు అంత సున్నితమైన పని వద్దు.

ఇంట్లో టబ్బులో మునక సరిచూసి సంతోషపడితే చెరువులో తేడా వస్తుంది. సెకనుకు 77 సెంటీమీటర్ల వేగంలో పడవ లేపే అల పొడవు సుమారు 38 సెంటీమీటర్లు. ముక్కు దగ్గర ఒక శిఖరం, 38 దగ్గర ఇంకొకటి. వాటి తర్వాతి పల్లం 57 దగ్గర పడుతుంది. చక్రాలను సరిగ్గా నడుమన పెట్టామా, అవి పల్లానికి దగ్గరగా ఉంటాయి, నీరు కిందికి జారి పలకలు సగం గాలిలో కొట్టుకుంటాయి. నడిచే పడవను పక్కనుంచి వీడియో తీస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. చక్రాలను 38 వైపు జరపాలి, కుదరకపోతే మునక కాస్త పెంచాలి.

కొలతలన్నీ తగ్గినా నీళ్లు మాత్రం అవే. వాటి జిగట, తలతన్యత నమూనా కోసం తగ్గవు. పెద్ద చక్రానికి ఉన్నన్ని పలకలు చిన్నదానికి పెడితే వాటి మధ్య నీరు అంటుకుని చక్రంతోపాటే తిరుగుతుంది. ఎనిమిది పెట్టి, తృప్తిగా లేకపోతే అప్పుడు పెంచడం మేలు.

చివరగా పడవ ఒరగడం. చక్రం పడవ నడి గీత నుంచి 13 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పడవ రెండు డిగ్రీలు ఒరిగినా ఒక చక్రం నాలుగున్నర మిల్లీమీటర్లు లోతుకు పోతుంది, రెండోది అంతే పైకి లేస్తుంది. పడవ ఒక పక్కకే తిరుగుతూ ఉంటుంది. చుక్కాని మీద నెపం వేయకముందు బ్యాటరీని అడుగున, నడి గీత మీద వెల్క్రోతో అతికించి, అటూ ఇటూ జరుపుతూ రెండు చక్రాల మునక సమానం చేసుకోవాలి.