దొంగ దీపాల ఊరు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో సముద్రపు ఒడ్డు ఊళ్ల పాత రిజిస్టర్లు తిరగేసి, కుటుంబాల చరిత్ర వెతికిపెట్టడం నా పని. కార్న్‌వాల్ ఉత్తర తీరంలో మోర్వెన్‌స్టో అనే పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరు) ఉంది. ఆ వైపు మూలాలున్నవాళ్లు నా దగ్గరికొచ్చి ముందుగా చెప్పే మాట ఇదీ.

అపోహ: మా పూర్వీకులు రాత్రిపూట కొండమీద దొంగ దీపాలు పెట్టి ఓడల్ని రాళ్ల మీదికి రప్పించేవాళ్లు.

చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది! ఓడ పగిలితే ఒడ్డుకొచ్చిన సరుకు ఊరివాళ్లు మోసుకుపోవడం నిజమే, కానీ దీపాలతో కావాలని ముంచారనడానికి గట్టి ఆధారం లేదు. అసలు చీకట్లో దీపం కనిపిస్తే అక్కడ నేల ఉందని నావికుడు దూరంగా పోతాడు గానీ దగ్గరికెందుకొస్తాడు? ఓడల్ని చంపింది పడమటి గాలీ, ఆ రాళ్లూ, తలదాచుకోవడానికి మంచి రేవు లేకపోవడమూ.

అపోహ: మునిగి చనిపోయినవాళ్లందరి పేర్లూ చర్చి రిజిస్టర్లో దొరుకుతాయి.

దొరకవు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాల్ని చాలాచోట్ల ఏ ప్రార్థనా లేకుండా అక్కడే పూడ్చేసేవాళ్లు. 1807 చివర్లో ఆన్సన్ అనే యుద్ధనౌక కార్న్‌వాల్‌లోనే, దక్షిణ తీరంలో 'లో బార్' అనే చోట పగిలి ఎంతోమంది పోయారు, వాళ్లనీ అలాగే పూడ్చారని గోల మొదలైతే 1808లో చట్టం వచ్చింది, అలాంటి శవాలకు చర్చి స్మశానంలోనే చోటివ్వాలని. చట్టం ఉన్నా ఆ కొండ దిగి శవాన్ని మోసుకొచ్చేదెవరు? మోర్వెన్‌స్టోలో 1834 నుంచి 1875 దాకా వికార్‌గా (ఆ చర్చి పాస్టర్‌గా) ఉన్న రాబర్ట్ స్టీఫెన్ హాకర్ ఆ పని దగ్గరుండి చేయించాడు, 40 మందికి పైగా నావికుల్ని పూడ్చాడు. 1842లో స్కాట్లండ్‌లోని ఆర్‌బ్రోత్‌కు చెందిన కలెడోనియా అనే ఓడ పగిలినప్పుడు ఒక్కడే బతికాడు. ఆ ఓడ ముందుభాగంలో ఉండే చెక్కబొమ్మనే సమాధి గుర్తుగా నిలబెట్టారు (ఇప్పుడు బయట ఉన్నది నకలు, అసలుది చర్చి లోపల భద్రంగా ఉంది). అంటే స్కాట్లండ్ కుటుంబం తమవాడి సమాధి కోసం స్కాట్లండ్ అంతా గాలించినా లాభం లేదు, ఇక్కడికి రావాలి. పేరు తెలియని శవమైతే 'ఎవరో నావికుడు' అన్నంతవరకే, ఇక నేనూ చేతులెత్తేస్తాను.

అపోహ: రిజిస్టర్లో ఉన్నది పుట్టిన తేదీ.

అది బాప్తిస్మం తేదీ. ముగ్గురు పిల్లలకు ఒకేరోజు చేయించిన ఇళ్లున్నాయి, వాళ్లను ఒకే కాన్పు అనుకుని వంశవృక్షం వేసేసినవాళ్లూ ఉన్నారు. ఇంకో చిక్కు, 1752కి ముందు అక్కడ ఏడాది మారేది మార్చి 25న. పని కొత్తలో నాకొక పాప దొరికింది, బాప్తిస్మం 1720 డిసెంబర్, ఖననం 1720 ఫిబ్రవరి. అదే పేరుతో ముందు పుట్టి పోయిన అక్క ఉండాలని రెండు రోజులు వెతికాను. అక్కా లేదు ఎవరూ లేరు, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. పాపకు రెండు నెలలు.